చూడ్డానికి రెండూ ఒకటే: ఏ పవర్ కార్డు కొనాలి, ఏది వదిలేయాలి

రెండు పవర్ కార్డులు పక్కపక్కన పెట్టండి. అదే నలుపు, అదే పొడవు, అవే మూడు పిన్నులు. ధర చూస్తే మాత్రం ఒకటి రెండోదానిలో మూడోవంతు కూడా ఉండదు. తేడా ఎక్కడుందో బయటి నుంచి చూసి చెప్పమంటే చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ కూడా తడబడతాడు. తయారీలో మిగుల్చుకున్నదంతా లోపలే మిగుల్చుకుంటారు మరి.

నాకు ఈ సంగతి ఒక ఇస్త్రీ పెట్టె నేర్పింది. పాత వైరు మెడ దగ్గర చిట్లితే, చవగ్గా దొరికిన కొత్తది వేయించాను. కొన్నాళ్లకు ఇస్త్రీ చేస్తుంటే గదిలో చేపల వాసన. వంటింట్లో వెతికాను, చెత్తబుట్ట చూశాను, ఏమీ లేదు. చివరికి ప్లగ్గు తీయబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంది. ప్లగ్గుల్లో, సాకెట్లలో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్ వేడెక్కితే సరిగ్గా ఆ వాసనే వస్తుందని తర్వాత తెలిసింది. కారణం తెలియని చేపల వాసన వస్తే ముందు ప్లగ్గులన్నీ తడిమి చూడండి.

ఆ వైరును కోసి చూశాను. పైన తొడుగు పెన్సిలంత లావు. లోపల ఒక్కో తీగలో పది పోగులు. ఒక పోగును బ్లేడుతో గీకితే పైన రాగి రంగు పోయి లోపల తెల్లగా మెరిసింది.

లోపల ఎంత రాగి ఉండాలి

వైరు మీద 0.75 అని రాసి ఉంటే, ఒక్కో తీగ అడ్డుకోత 0.75 చదరపు మిల్లీమీటర్లు అని అర్థం. మెత్తటి వైర్లలో దీన్ని సాధారణంగా 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న 24 పోగులతో చేస్తారు. 1.0 వైరుకైతే అవే పోగులు 32. నా ఇస్త్రీ పెట్టె వైరులో 24 ఉండాల్సిన చోట పదే ఉన్నాయి. పైగా అవి పూర్తి రాగి కూడా కాదు, రాగి పూత వేసిన అల్యూమినియం.

దీనివల్ల ఏమవుతుందో కొంచెం లెక్క వేద్దాం, ఎక్కువ కాదు. వైరులో పుట్టే వేడి రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత కరెంటు పోతోంది, ఆ దారి ఎంత ఇరుకు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అసలైన 0.75 రాగి వైరుకు కిలోమీటరుకు 26 ఓములకు మించి నిరోధం, అంటే కరెంటుకు అడ్డు, ఉండకూడదని అంతర్జాతీయ ప్రమాణం. అందులో 10 ఆంపియర్లు పోతే, వెళ్లే తీగ, వచ్చే తీగ రెండూ కలిపి మీటరుకు 5 వాట్ల వేడి పుడుతుంది. అది గాలిలోకి సులువుగా పోతుంది, చేతికి గోరువెచ్చగా తగులుతుంది, అంతే. ఇప్పుడు పది పోగుల అల్యూమినియం వైరు. అల్యూమినియం నిరోధం రాగికంటే ఒకటిన్నర రెట్లు పైనే. పోగులు సగంకంటే తక్కువ. రెండూ గుణిస్తే అదే 10 ఆంపియర్లకు మీటరుకు 20 వాట్లు. మంచం కింద, తివాచీ కింద, చుట్టచుట్టి ఉన్న వైరులో ఈ 20 వాట్లు ఎక్కడికి పోవాలి? ఎక్కడికీ పోవు. అక్కడే పేరుకుంటాయి.

మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునేలా చేస్తారు. అంతకు మించి రోజూ వేడెక్కితే ముందు మెత్తబడుతుంది, తర్వాత ఎండి పెళుసవుతుంది. చవక వైర్లలో ఖర్చు తగ్గించడానికి పీవీసీలో సుద్దపొడిలాంటిది ఎక్కువగా కలుపుతారు, అది ఇంకా తొందరగా చిట్లుతుంది. ఒకసారి అంటుకుంటే పీవీసీ వదిలే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. మంటకంటే ముందు అది కళ్లనూ గొంతునూ పట్టుకుంటుంది.

అల్యూమినియంతో ఇంకో తలనొప్పి ఉంది. గాలి తగిలిన చోట దాని మీద సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొర కరెంటును ఆపుతుంది. స్క్రూ కింద బిగించిన అల్యూమినియం ఒత్తిడికి మెల్లగా సాగి జారుతుంది, పట్టు సడలుతుంది. నాలుగుసార్లు వంచితే పోగులు తెగుతాయి. కరెంటు దాటే ప్రతి జాయింటూ ఇలా ఒక బలహీనమైన చోటవుతుంది.

అసలు గండం జాయింటు దగ్గర

వైరు పొడవునా పుట్టే వేడికంటే, ప్లగ్గులో ఒక్క చుక్కంత చోట పుట్టే వేడి ఎక్కువ ప్రమాదం. పోగులు పిన్నును సరిగా పట్టుకోని చోట నిరోధం ఒక ఓములో పదోవంతు ఉందనుకోండి. 10 ఆంపియర్లకు అక్కడ 10 వాట్లు. పావు ఓము అయితే 25 వాట్లు, అంటే టంకం వేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేసినట్టే. వేడికి ఆ పట్టు ఇంకా సడలుతుంది, పట్టు సడలితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది తగ్గదు. అందుకే కొంచెం గోధుమరంగు తిరిగిన ప్లగ్గును ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అని ఉంచుకోవడం నాకు నచ్చదు.

పెద్ద కంపెనీ పేరుంటే ఈ గొడవ ఉండదా? ఉంటుంది. 2014 ఆగస్టులో హెచ్‌పీ దాదాపు 60 లక్షల ల్యాప్‌టాప్ పవర్ కార్డులను వెనక్కి పిలిచింది. 2010 సెప్టెంబరు నుంచి 2012 జూన్ వరకు అమ్ముడైన, ఎల్‌ఎస్-15 అనే గుర్తున్న కార్డులవి. వేడెక్కి కరిగినట్టో మాడినట్టో 29 ఫిర్యాదులు వచ్చాకే ఆ పని చేశారు. 2016 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన సర్ఫేస్ ప్రో ట్యాబ్లెట్ల వైర్లను వెనక్కి పిలిచింది. గట్టిగా చుట్టి, మెలిపెట్టి, నొక్కి ఎక్కువ కాలం ఉంచితే వేడెక్కుతున్నాయని.

ఇక్కడ గమనించాల్సింది రెండు విషయాలు. ల్యాప్‌టాప్ తీసుకునే కరెంటు చాలా తక్కువ, అయినా వైరు కరిగింది. కాబట్టి ‘చిన్న లోడే కదా, ఏ వైరైనా ఫర్వాలేదు’ అన్నది పూర్తి నిజం కాదు. రెండోది, ఆ కార్డుల మీద ఒక గుర్తు ఉంది కాబట్టి ఏవి చెడ్డవో తెలిసింది, వెనక్కి తీసుకున్నారు. పేరూ ఊరూ లేని వైరు కాలితే ఎవరికి చెప్పాలి, ఎవరు వెనక్కి పిలుస్తారు? బ్రాండుకు నేను డబ్బులిచ్చేది నాణ్యతకంటే ఈ జవాబుదారీతనానికే.

ఎంసీబీ ఉంది కదా అనుకుంటే

చాలామంది ధీమా ఇది. ఏదైనా జరిగితే బోర్డులో ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతట అది ఆగే స్విచ్చు, పడిపోతుంది, ఇక టెన్షన్ ఎందుకని. పడదు. గోడలోని వైరింగును కాపాడడానికి పెట్టిన ఎంసీబీ అది. 16 ఆంపియర్ల ఎంసీబీ దాదాపు 18 ఆంపియర్ల వరకు అసలు కదలక్కర్లేదు. 23 ఆంపియర్ల దగ్గర కూడా పడిపోవడానికి గంట వరకు తీసుకోవచ్చు. ప్రమాణమే అలా ఒప్పుకుంటుంది. మన పది పోగుల వైరు 10 ఆంపియర్లకే మాడుతుంటే ఎంసీబీ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంటుంది, ఎందుకంటే కరెంటు పరిమితి దాటలేదు. ఆర్‌సీసీబీ అనే ఇంకో రక్షణ స్విచ్చు చూసేది లీకేజీని, వేడిని కాదు. 30 మిల్లీఆంపియర్లు భూమిలోకి పోతే అది పడుతుంది. షాకు నుంచి కాపాడుతుంది, కాలిపోవడం నుంచి కాదు.

బ్రిటన్ పద్ధతి ప్లగ్గుల్లో మాత్రం వైరును కాపాడడానికే లోపల 3 లేదా 13 ఆంపియర్ల ఫ్యూజు పెడతారు. నకిలీల్లో ఆ ఫ్యూజునే ఎగ్గొడతారు. ఫ్యూజు లేని ప్లగ్గు పద్ధతులున్న చోట్ల వైరును కాపలా కాసేది ఎవరూ లేరు. అందులో ఉన్న రాగే దానికి కాపలా.

ఏ వస్తువుకు ఎంత వైరు

మీ వస్తువు కింద రాసిన వాట్లను మీ ఇంటి వోల్టేజితో భాగించండి, ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. 1500 వాట్ల హీటరు 120 వోల్టుల దగ్గర 12.5 లాగుతుంది. వోల్టేజి తక్కువున్న చోట వాట్లు తక్కువైనా వైరు మీద భారం ఎక్కువేనన్నమాట.

గృహోపకరణాలకు అంతర్జాతీయ ప్రమాణం చెప్పే కొలతలు ఇలా ఉంటాయి. 3 ఆంపియర్ల వరకు 0.5. ఆపైన 6 వరకు 0.75. 6 నుంచి 10 వరకు 1.0. 10 నుంచి 16 వరకు 1.5. చేత్తో తిప్పుకునే వస్తువుల వైరు 2 మీటర్లకు మించకపోతే చివరి రెండింటిలో ఒక మెట్టు తగ్గించుకోవచ్చు, అంటే 10 ఆంపియర్లకు 0.75 సరిపోతుంది. నా పద్ధతి మాత్రం వేడిచేసే వస్తువులకు ఆ సడలింపు వాడుకోకపోవడం. అమెరికా కొలతల్లో రాసి ఉంటే 18 గేజి అంటే సుమారు 0.8, 16 అంటే 1.3, 14 అంటే 2.1 చదరపు మిల్లీమీటర్లు. అంకె తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది. ఇక్కడ చాలామంది తిరగేసి చదువుతారు.

టీవీ, మానిటరు, రౌటరు, బల్బు దీపం లాంటివి ఒక ఆంపియరు కూడా లాగవు. వీటికి లావు వైరు కొనడం దండగ. చూడాల్సింది పిన్నులు గట్టిగా ఉన్నాయా, తొడుగు మెడ దగ్గర చిరిగిందా అన్నదే. 8 అంకె ఆకారపు చిన్న సాకెట్టు, ల్యాప్‌టాప్ అడాప్టర్లకు ఉండే మూడు రేకుల సాకెట్టు రెండూ 2.5 ఆంపియర్లకే చేసినవి. మార్పిడి పిన్ను పెట్టి వాటితో పెద్ద వస్తువులు నడపకండి.

ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, మిక్సీ లాంటి మోటారు వస్తువులు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే చాలా రెట్లు కరెంటు లాగుతాయి. ఆ దెబ్బ కొద్ది క్షణాలే కాబట్టి వైరు తట్టుకుంటుంది, వదులు జాయింటు తట్టుకోదు. వీటికి వైరు మందంకంటే ఎర్త్ ముఖ్యం. బయట లోహం, పక్కన నీళ్లు.

ఇస్త్రీ పెట్టె, కెటిల్, రూమ్ హీటరు, టోస్టరు, ఎలక్ట్రిక్ స్టవ్వు. నిజమైన పరీక్ష ఇక్కడ. నిండు కరెంటు, గంటల తరబడి. చవక వైరును పెట్టకూడని చోటు ఇదొక్కటే అని మొదట్లో అనుకునేవాణ్ని, ఇప్పుడు ‘మొట్టమొదటి చోటు’ అంటున్నాను. వీటిలో ఇంకో మెలిక కూడా ఉంది: వేడి లోహం తగిలే వైరు పీవీసీది అయితే కరిగిపోతుంది. ఇస్త్రీ పెట్టె వైరుకు గుడ్డ అల్లిక వేసేది అందం కోసం కాదు, అల్లిక కింద వేడిని తట్టుకునే రబ్బరు ఉంటుంది. కంప్యూటరు వెనక పెట్టే సీ13 అనే సాకెట్టు 70 డిగ్రీలకే. వేడి వస్తువులకు పెట్టే సీ15 సాకెట్టు 120 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. రెండూ చూడ్డానికి కవలలే, సీ15కు కింద ఒక చిన్న గాడి ఉంటుంది. వేడి వస్తువులో ఆ గాడికి సరిపడే గట్టు పెడతారు, కంప్యూటరు వైరు దూరకూడదని. దూరడం లేదని ఆ గట్టును చాకుతో చెక్కేసే ఘనులను నేను చూశాను.

కొత్తది, పాతది, అతుకు వేసింది

వైరు పాడైనప్పుడు మన ముందుండే దారులు నాలుగో అయిదో. వాటి గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను.

వస్తువు తయారుచేసిన కంపెనీ ఇచ్చే వైరు దొరికితే, వేడిచేసే వస్తువులకు అదే కొనండి. ఖరీదు ఎక్కువే. కానీ ఆ వస్తువు వేడికీ, కరెంటుకూ తగ్గట్టు పరీక్షించింది అదొక్కటే. నకిలీలు ఎక్కువగా వచ్చేవి కూడా వీటికే కాబట్టి ధర మరీ తక్కువుంటే అనుమానించాలి.

రెండో దారి, వైర్లే తయారుచేసే పేరున్న కంపెనీ కార్డు. మానిటరు, కంప్యూటరు, ప్రింటరు లాంటి వాటికి ఇదే అన్నిటికంటే తెలివైన ఎంపిక. సాకెట్టు ఆకారాలు అంతర్జాతీయంగా ఒకటే కాబట్టి కంపెనీ వైరుకే ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

మూడోది, ఇంట్లో డ్రాయరులో పడి ఉన్న పాత వైరు. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, పాడైపోయిన మంచి వస్తువుతో వచ్చిన వైరు పేరులేని కొత్త వైరుకంటే నూరురెట్లు నయం. మీద రాసిన కొలత చదవండి, మెడల దగ్గర వంచి చూడండి, తొడుగు బంకగా గానీ పెళుసుగా గానీ లేకపోతే వాడుకోవచ్చు. ఏ వైరు ఏ వస్తువుదో ఒక చీటీ కట్టి ఉంచుకుంటే ఇంకా మంచిది, లేకపోతే రౌటరు వైరు హీటరుకు వెళ్తుంది.

నాలుగోది, మంచి వైరు మీటర్ల లెక్కన కొని, విడి ప్లగ్గు బిగించుకోవడం. మూసపోసిన ప్లగ్గా, విప్పదీసే ప్లగ్గా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. మంచి కంపెనీ మూసపోసింది అయితే స్క్రూలు వదులయ్యే బాధ లేదు, అదే నయం. చవకది మూసపోసింది అయితే లోపల ఏముందో దేవుడికే తెలియాలి. విప్పదీసేదానిలో కనీసం చూసుకోవచ్చు. బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. పోగుల చివరలకు టంకం పూసి స్క్రూ కింద పెట్టకండి. టంకం ఒత్తిడికి జారి కొన్నాళ్లకు పట్టు వదులవుతుంది, కావాలంటే చివర తొడిగే లోహపు గొట్టాలు వాడండి. ఎర్త్ తీగను మిగతా రెండింటికంటే కొంచెం పొడుగు ఉంచండి. ఎవరైనా వైరు పట్టుకు లాగితే ఆఖరున ఊడేది అదే కావాలి.

తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం అయిదోది. దాన్ని ఎంపికల్లో లెక్కపెట్టను.

ఇక పేరులేని చవక వైరు. ఎక్కడా పనికిరాదా అని అడిగితే, నా దగ్గర దానికి జవాబు లేదు. పగలు మనం పక్కనుండి వాడే చిన్న దీపానికి నడిచిపోతుందేమో. కానీ ఇంట్లోకి వచ్చిన వైరు దీపం దగ్గరే ఉండిపోదు. ఎప్పుడో ఒకరోజు తొందరలో ఎవరో దాన్ని కెటిల్‌కు పెడతారు. అందుకే నేను అసలు ఇంట్లోకే రానివ్వను.

మూడు పిన్నులున్నా ఎర్త్ ఉండకపోవచ్చు

చవక వైర్లలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇది. ప్లగ్గుకు మూడు పిన్నులు, అవతల సాకెట్టుకు మూడు కన్నాలు, మధ్య వైరులో రెండే తీగలు. ఎర్త్ పిన్ను ఉత్త అలంకారం. వస్తువు మామూలుగానే పనిచేస్తుంది, వేడెక్కదు, వాసన రాదు. లోపల ఫేజు తీగ లోహపు ఒంటికి తగిలిన రోజున ఎంసీబీ పడాల్సింది పడదు. ఆ వస్తువు ఒళ్లంతా కరెంటు పట్టుకుని, ఎవరో వచ్చి ముట్టుకునేదాకా ఎదురుచూస్తుంది.

దీన్ని పట్టుకోవడం మాత్రం సులువే. వైరును గోడ నుంచీ, వస్తువు నుంచీ పూర్తిగా తీసేసి, మల్టీమీటరు బీప్ పెట్టి, ఎర్త్ పిన్నుకూ అవతల ఎర్త్ కన్నానికీ ఆనించండి. మోగకపోతే ఆ వైరు చెత్తబుట్టకే. మోగితే మాత్రం వైరు మంచిదని అనుకోకండి, ఒక్క పోగు ఉన్నా మోగుతుంది. లావు ఎంతో మల్టీమీటరు చెప్పలేదు. మీటరున్నర మంచి వైరు నిరోధం ఒక ఓములో పాతికో వంతు. మల్టీమీటరు సొంత తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ ఉంటుంది.

కొనే ముందు చేతిలో పట్టుకుని

ముందు వైరు ఒంటి మీద రాత చదవండి. మంచి వైరు మీద కొద్ది కొద్ది దూరంలో తయారీదారు పేరు లేదా గుర్తు, తీగల సంఖ్య, లావు, వోల్టేజి, ప్రమాణం పేరు అచ్చువేసి గానీ ఎత్తుగా పోసి గానీ ఉంటాయి. మూడు ఇంటూ 0.75 అనో, యూరప్ పద్ధతిలో హెచ్05వీవీ-ఎఫ్ అనో కనిపిస్తుంది. ఏమీ రాయని వైరును కిందపెట్టేయండి. 125 వోల్టులు అని రాసినదాన్ని 230 వోల్టులున్న చోట వాడకండి.

తర్వాత గుర్తింపు ముద్రలు. ఐఎస్ఐ, యూఎల్, వీడీఈ, సీసీసీ లాంటివి కనిపిస్తే, ఎవరో బయటి సంస్థ ఆ రకాన్ని పరీక్షించిందని అర్థం. సీఈ అలాంటిది కాదు, నియమాలు పాటించామని తయారీదారు తనకు తాను ఇచ్చుకునే హామీ అది. ముద్ర ప్లగ్గు మీద ఒకటే ఉండి వైరు మీదా, అవతలి సాకెట్టు మీదా లేకపోతే నాకు అనుమానం. ఆ మూడూ విడివిడి వస్తువులు, మూడింటికీ విడివిడిగా ముద్ర ఉండాలి. అక్షరదోషాలున్న ముద్రల గురించి చెప్పక్కర్లేదు.

అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. మంచి పిన్నులు ఇత్తడివి, అంటుకోవు. అంటుకుంటే పూత కింద ఇనుము ఉన్నట్టు. వైరు ఒంటికే అయస్కాంతం అంటుకుంటే లోపల పోగులు ఇనుమువి, ఇంకేం చూడక్కర్లేదు. అయితే అల్యూమినియంకు కూడా అయస్కాంతం అంటదు కాబట్టి, అంటలేదు కనుక రాగి అని తేల్చుకోకూడదు. దానికి బరువు చూడాలి. రాగి అల్యూమినియంకంటే మూడింతలు పైన బరువు. మీటరున్నర పొడవున్న మూడు తీగల 0.75 వైరులో రాగి ఒక్కటే సుమారు 30 గ్రాములు ఉండాలి. అదే పొడవున్న మంచి వైరు ఒక చేతిలో, కొత్తది ఇంకో చేతిలో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. తొడుగు లావు చూసి మోసపోవద్దు, ప్లాస్టిక్ చవక.

కోసిన వైరు చేతికి దొరికితే పోగును గీకి చూడండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే పూత వేసిన అల్యూమినియం. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూసిన రాగి, మంచిదే. ఈ రెండో రకాన్ని చూసి కంగారుపడి మంచి వైరు పారేసినవాళ్లున్నారు.

ఇంటికి తెచ్చాక మొదటి రోజు ఆ వస్తువును పూర్తి లోడు మీద అరగంట నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్గునూ వైరునూ తడమండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఆన్చి ఉంచలేకపోతే అది మళ్లీ గోడకు ఎక్కకూడదు. మొత్తం వైరు వేడెక్కితే రాగి తక్కువని, ప్లగ్గు ఒక్కటే వేడెక్కితే జాయింటుదో గోడ సాకెట్టుదో తప్పని. ప్లగ్గు వేరే సాకెట్టులో పెట్టి చూస్తే ఎవరిదో తేలిపోతుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట

పైన చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయి, కానీ ఇది ఇంకాస్త దొంగది. ఆరు సాకెట్లుంటే ఆరు వస్తువులు పెట్టుకోవచ్చని పిలుస్తుంది. దాని వైరు మాత్రం ఒక్కటే. ఆరింటి కరెంటూ ఆ ఒక్క వైరులోంచే పోవాలి. సాకెట్లు ఎన్నున్నాయో కాదు, వైరు లావు ఎంత, గరిష్ఠ వాట్లు ఎన్ని అని చూసి కొనండి. అన్ని దేశాల పిన్నులూ పట్టే సార్వత్రిక సాకెట్లంటే నాకు పడదు. అన్నిటినీ పట్టేలా చేసింది దేన్నీ గట్టిగా పట్టుకోదు. ఎర్త్ కొన్ని పిన్నులకు అసలు తగలదు.

చక్రానికి చుట్టిన పొడుగు వైరు వాడేటప్పుడు మొత్తం విప్పండి. దాని మీద రెండు అంకెలు రాసి ఉంటాయి, విప్పినప్పుడు ఎంత, చుట్టి ఉన్నప్పుడు ఎంత అని. 13 ఆంపియర్ల చక్రం చుట్టి ఉంటే 5కు దిగిపోవడం మామూలే. హీటరు, ఫ్రిజ్జు నేరుగా గోడ సాకెట్టుకే. సర్జ్ ప్రొటెక్టర్ అన్న మాట చూసి భద్రత అనుకోకండి. అది పిడుగులప్పుడో కరెంటు వచ్చిపోయేటప్పుడో వోల్టేజి ఎగిరితే కాపాడుతుంది, అంతే.

పారేయాలని నిర్ణయించుకున్న వైరును ఊరికే చెత్తలో వేయకండి, బాగానే ఉందనుకుని ఎవరో ఏరుకుని వాడతారు. గోడ నుంచి తీశాక, ప్లగ్గును ఆనించి వైరు తోక మిగలకుండా కత్తిరించండి. తోక మిగిలితే ఆ ప్లగ్గును ఏ పిల్లాడో సాకెట్టులో గుచ్చితే బయటి పోగుల్లో కరెంటు ఉంటుంది. తర్వాత పిన్నులను శ్రావణంతో వంచేయండి. నా ఇస్త్రీ పెట్టె వైరు ముక్క మాత్రం పారేయలేదు. పది పోగులూ విడివిడిగా కనిపించేలా విప్పి డ్రాయరులో పెట్టాను, ‘అదీ వైరే, ఇదీ వైరే కదా’ అనేవాళ్లకు చూపించడానికి.